క్రియ కడుపులో గేదె: గిడుగు నోటు పుస్తకంలోకి ఎక్కిన సవర వ్యాకరణం

ఏటా ఆగస్టు 29 రాగానే గిడుగు వెంకట రామమూర్తి గారి ఫొటోకి దండ వేస్తాం. వ్యావహారిక భాషోద్యమం గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం. సవర భాష కోసం ఆయన పెట్టిన నలభై ఏళ్ల గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడతాం: "సవరలకు కూడా సేవ చేశారు." ఆ వాక్యం వినపడ్డప్పుడల్లా నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఆయన చేసింది సేవ అనే మాటలో ఇమిడేది కాదు. మన పక్కనే, వంశధార నదికి అటూ ఇటూ ఉన్న కొండల మీద మాట్లాడుకునే ఒక భాషలో, ఒక్క క్రియాపదం ఎంత బరువు మోయగలదో ఆయన చెవిపెట్టి విన్నారు, రాసుకున్నారు, అచ్చు వేయించారు. ఆ క్రియాపదం సంగతే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఈ భాష ఎక్కడిదో చూద్దాం. సవర (వాళ్ల నోట సొర) ముండా కుటుంబపు భాష. సంతాలీ, ముండారీ, హో, ఖడియా దీని చుట్టాలు. కొరాపుట్ ప్రాంతపు గుతోబ్, రెమో, గోరుమ్ ఇంకా దగ్గరి చుట్టాలు. ముండా భాషలన్నీ కలిసి ఆస్ట్రో ఏషియాటిక్ అనే పెద్ద కుటుంబంలో ఒక శాఖ. అదే కుటుంబంలో మేఘాలయలోని ఖాసీ ఉంది, కంబోడియాలోని ఖ్మేర్ ఉంది, వియత్నామీస్ ఉంది. అంటే సీతంపేట సంతలో పక్కపక్కన నిలబడి బేరమాడే ఇద్దరిలో ఒకరి భాషకు తమిళం, కన్నడం అక్కచెల్లెళ్లు, రెండోవారి భాషకు వియత్నాంలో బంధువులు. ముండారీలో కంటిని మెద్ అంటారు, వియత్నామీస్‌లో మత్ అంటారు. వేల ఏళ్ల ఎడబాటు తర్వాత కూడా మాట పోలిక పోలేదు.

2011 జనాభా లెక్కల్లో సవర మాతృభాష అని చెప్పినవాళ్లు 4 లక్షల పైచిలుకు. ఎక్కువమంది ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్నారు. మన వైపు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ఉన్నారు. తేయాకు తోటల పనికి వలసపోయిన వాళ్ల వారసులు అస్సాంలో కూడా ఉన్నారు. ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుడి కొడుకుల కథలో ఆంధ్రులు, శబరులు (సవరలు వీళ్లేనంటారు) ఒకే వరసలో కనపడతారు. అంత పాత ఇరుగుపొరుగు మనది. అయినా వాళ్ల భాషలో ఒక్క మాట తెలిసిన తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

సవరలో తినడానికి జొమ్ అంటారు. గేదెను బొఙ్తెల్ అంటారు. నేను అనడానికి ఞెన్. (మన వర్ణమాలలో చిన్నప్పుడు వల్లెవేసి తర్వాత మర్చిపోయిన ఙ, ఞ ఉన్నాయే, ఆ రెండూ ఇక్కడ రోజంతా పనిచేస్తాయి. ఈ భాషను తెలుగు లిపిలో రాయబోతే మొట్టమొదట నిద్ర లేచేవి అవే.) "నేను గేదెను తింటాను" అనాలంటే ఞెన్ బొఙ్తెలన్ జొమ్-త్-అయ్ అనవచ్చు. కర్త, కర్మ, క్రియ. మన వరసే. క్రియ చివర -అయ్ అంటే నేను. మన "తింటాను"లో చివరి "ను" లాంటిదే. మధ్యలో త్ ఉంది కదా, అది ఇంకా గడిచిపోని కాలాన్ని చెబుతుంది. ఇంతవరకు తెలుగువాడికి కష్టమేం లేదు.

కానీ ఇదే సంగతిని ఇంకోలా కూడా అనవచ్చు: జొమ్-బొఙ్-త్-న్-అయ్.

అడ్డగీతలు మన సౌకర్యానికి పెట్టుకున్నవి. పలికేటప్పుడు అదంతా ఒక్క పదం. గేదె వాక్యంలోంచి లేచి వెళ్లి క్రియ కడుపులో కూర్చుంది. కూర్చునే ముందు సగానికి కుదించుకుంది కూడా. బొఙ్తెల్ పోయి బొఙ్ మిగిలింది. లోపలికి వెళ్లాక అది విడి కర్మ కాదు కాబట్టి, ఈ క్రియకు ఇక కర్మ అక్కర్లేదని చెప్పడానికి న్ వచ్చి చేరింది. తెలుగులో దీన్ని ఎలా చెప్పాలి? "గేదెను తింటాను" అంటే ఒక గేదె ఉంది, దాన్ని తింటాను. రెండోది "గేదె-తింటాను" లాంటిది, ఆ తిండి తినే అలవాటు ఉన్నవాణ్ణి అన్న అర్థానికి దగ్గర. మనకూ ఇలాంటి వాసన కొంచెం ఉంది. "తలదువ్వుకుంది" అన్నప్పుడు తలను విడిగా చూడం, తల-దువ్వడం ఒకే పని. అయితే మనం అక్కడితో ఆగిపోతాం. సవర చాలా దూరం వెళుతుంది.

ఎంత దూరమంటే, అడ్-జొమ్-బొఙ్-తె-న్-జి పొ? అన్నది ఒక ప్రశ్న. ముక్కలు విప్పితే: కాదు, తిను, గేదె, కాలం, కర్మ అక్కర్లేదన్న గుర్తు, వాళ్లు. చివర పొ అంటే ప్రశ్న. "వాళ్లు గేదె మాంసం తినరా?" తెలుగులో నాలుగు మాటలు పట్టింది అక్కడ ఒక క్రియ, ఒక ప్రశ్నార్థకం అంతే.

ఇంకొకటి చూడండి: ఞమ్-కిడ్-త్-అమ్. ఞమ్ అంటే పట్టుకోవడం. కిడ్ అంటే పులి (విడిగా అయితే కినా). చివర అమ్ అంటే నిన్ను. "పులి నిన్ను పట్టుకుంటుంది." దీన్ని రెండోసారి చదవండి. గేదె ఉదాహరణలో లోపలికి వెళ్లింది కర్మ. ఇక్కడ లోపలికి వెళ్లింది పని చేసేవాడు, అంటే పులి! కర్మను కలుపుకునే భాషలు ఉత్తర అమెరికా నుంచి సైబీరియా దాకా చాలా ఉన్నాయి. కర్తను, అందులోనూ తన ఇష్టప్రకారం వచ్చి మీద పడే కర్తను, క్రియ మింగేయడం ప్రపంచ భాషల్లోనే చాలా అరుదు. అలా జరగడానికి వీల్లేదని సిద్ధాంతాలు కట్టిన పండితులకు కూడా ఈ సవర పులి అడ్డం వచ్చింది. దాని మీద వాదాలు నడిచాయి.

పొ-పొఙ్-కొన్-త్-అమ్ అని మరొకటి భాషాశాస్త్రంలో బాగా పేరుపడింది. పొడు, కడుపు, కత్తి, కాలం, నిన్ను. "కత్తితో నీ కడుపులో పొడుస్తారు" అని మొత్తం ఒక్క మాటలో. ఏ చోట పొడుస్తారో, దేనితో పొడుస్తారో రెండూ క్రియలోకే వెళ్లిపోయాయి. చదవడానికి భయం వేసే ఉదాహరణే, కానీ క్రియ ఒకేసారి రెండు నామాలను ఎలా మోస్తుందో దీనికంటే స్పష్టంగా చూపించేది దొరకదు.

ఇక్కడ కాసేపు ఆగి, పొట్టి రూపాల సంగతి చూడాలి. సవరలో విడిగా నిలబడే నామం సాధారణంగా రెండు అక్షరాల బరువైనా ఉంటుంది. బొఙ్తెల్, కినా, చేపకు అయొ. క్రియలోకి వెళ్లేటప్పుడు ఒక్క అక్షరానికి తగ్గుతుంది: బొఙ్, కిడ్, యొ. అంటే చాలా నామాలకు రెండు ముఖాలు. ఊళ్లో తిరిగేటప్పుడు ఒకటి, ఇంట్లో ఉన్నప్పుడు ఒకటి. పొట్టిదాన్ని పొడవు దాని నుంచి కోసుకున్నారని అనిపిస్తుంది గానీ, చాలాసార్లు పొట్టిదే పాత ధాతువు, పొడవుది దానికి తర్వాత తొడిగిన చొక్కా. కినాను చూసి కిడ్ వస్తుందని ఊహించే సూత్రం లేదు. విని తెలుసుకోవాల్సిందే. నిఘంటువు రాసేవాడికి ఇది పెద్ద తలనొప్పి. ఒక్కో నామానికి రెండేసి పదాలు రాయాలి, రెండోది ఎప్పుడూ ఒంటరిగా బయటికి రాదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం వరస. సవర వాక్యంలో కర్మ ముందు, క్రియ తర్వాత. మన లాగే, ఒడియా లాగే. క్రియ లోపల చూస్తే తలకిందులు: జొమ్ ముందు, బొఙ్ వెనక. తిను-గేదె. పట్టు-పులి. ఎందుకిలా? ఖ్మేర్‌లో, వియత్నామీస్‌లో వాక్యం వరసే అది, క్రియ ముందు, కర్మ తర్వాత. ముండా భాషల పూర్వీకులు తూర్పు నుంచి ఇటు వచ్చారన్నది చాలామంది పరిశోధకుల అభిప్రాయం. వచ్చాక వాక్యం మన ప్రాంతపు వరసకు మారిపోయింది. ఆ పాత వరస క్రియ లోపల మాత్రం అలాగే ఉండిపోయింది. ఇల్లంతా పడగొట్టి కొత్తగా కట్టుకున్నా పూజగదిని ముట్టుకోకుండా వదిలేసినట్టు. ఏ శాసనం, ఏ తాళపత్రం చెప్పలేని చరిత్రను తిండి గురించి ఒక మామూలు మాట చెబుతోంది.

డేవిడ్ స్టాంప్, పట్రీషియా డొనెగన్ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు 1980ల్లో దీని మీద ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. ఖ్మేర్ లాంటి భాషల్లో పలికేటప్పుడు ఒత్తి పలికే బరువు పదం చివర పడుతుంది, ముండాలో మొదట్లో పడుతుంది, ఆ ఒక్క లయ తిరగబడటంతోనే మిగతావన్నీ తిరగబడ్డాయని వాళ్ల వాదన. వాక్యం వరస, ప్రత్యయాలు చేరే చోటు, పదాలు విడివిడిగా ఉండటమా అతుక్కుపోవడమా అన్నది, అన్నీ. అంతా ఒప్పుకున్న సంగతి కాదు. కానీ అక్కచెల్లెళ్ల లాంటి భాషలు ఒకటి పొడి పొడి మాటలతో, ఇంకొకటి ఇంత బరువైన క్రియలతో ఎందుకున్నాయన్న ప్రశ్న ముందు కూర్చుని ఆలోచించినవాళ్లలో వీళ్లిద్దరు ముఖ్యులు.

మరో పాత గుర్తు పదాల నడుమ దాక్కుని ఉంది. మనం ప్రత్యయాన్ని పదం చివర తగిలిస్తాం. ముండా భాషలు కొన్నిసార్లు పదాన్ని చీల్చి మధ్యలో పెడతాయి. సంతాలీలో ఒల్ అంటే రాయడం, ఒనొల్ అంటే రాసినది, వ్యాసం. దల్ అంటే కొట్టడం, దపల్ అంటే ఒకరినొకరు కొట్టుకోవడం. ఖ్మేర్‌లోనూ ఇదే పని: కాత్ అంటే కోయడం, కంనాత్ అంటే ముక్క. సవరలో కూడా ఇలా మధ్యలో "న" చొప్పించి క్రియను నామం చేస్తారు. భాష తెలియని వాడు నిఘంటువులో రెండు వేరు పదాలుగా రాసేసుకుని, వాటి బంధుత్వం ఏళ్ల తరబడి పట్టుకోలేకపోవచ్చు.

లెక్కపెట్టే పద్ధతి కూడా చెప్పి ముందుకు వెళతాను. పన్నెండు దాకా సవరలో విడి అంకెలు ఉన్నాయి. పన్నెండును మిగ్గెల్ అంటారు. పదమూడు అంటే మిగ్గెల్-బొయ్, పన్నెండు-ఒకటి. అలా ఇరవై దాకా వెళ్లి, అక్కడి నుంచి ఇరవైలతో నడుస్తారు. ముప్ఫై తొమ్మిది అంటే ఇరవై-పన్నెండు-ఏడు. తొంభై మూడు అంటే నాలుగు-ఇరవైలు-పన్నెండు-ఒకటి. పన్నెండు, ఇరవై రెండూ మూలంగా ఉన్న లెక్క ప్రపంచంలో అరుదు. బడిలో ఒకటో తరగతి పిల్లకి "పది-మూడు పదమూడు" అని చెప్పే టీచర్‌కి, ఆ పిల్ల తలలో అప్పటికే ఇంకో లెక్క నడుస్తోందని తెలిస్తే, ఆ పిల్ల తప్పులు తప్పుల్లా కనపడవు.

ఇప్పుడు గిడుగు దగ్గరికి. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలు ఉన్నారు. వాళ్ల మాట రాని అధికారి, వ్యాపారి, పోలీసు వాళ్లను ఎలా దోచుకోగలరో కళ్లారా చూశారు. ఆ భాష నేర్చుకోవడానికి పుస్తకం లేదు. సవర మాటలు వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. కొండల్లోకి వెళ్లారు. మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్‌తో చెవులు దెబ్బతిన్నాయి. ధ్వని ధ్వనినీ విని రాయాల్సిన మనిషికి వినికిడి పోవడం కంటే పెద్ద దెబ్బ ఇంకేం ఉంటుంది? అయినా ఆపలేదు. సవర భాషా వ్యాకరణ బోధిని 1931లో, ఇంగ్లిష్-సవర నిఘంటువు 1933లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం తరఫున అచ్చయ్యాయి. మొదలుపెట్టినప్పుడు ముప్ఫై దాటిందో లేదో, చివరి పుస్తకం చేతికి వచ్చేసరికి డెబ్బై అయిదు. కొడుకు సీతాపతి గారు కూడా ఈ పనిలో తోడు నిలిచారు. గేదెను మింగిన క్రియ గురించి ఇవాళ ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా, ఆ ఉదాహరణల వేళ్లు చాలావరకు ఆ 1931 పుస్తకంలోనే ఉన్నాయి.

ఆయన వ్యావహారిక వాదానికీ సవర పనికీ మనం వేరు వేరు అధ్యాయాలు కేటాయిస్తాం. నాకు అలా అనిపించదు. సవరకు గ్రంథం లేదు, పండితుడు లేడు, "ఇది తప్పు, అది ఒప్పు" అని చెప్పే చిన్నయసూరి లేడు. ఎవరైనా మాట్లాడితే అదే భాష, దాన్ని విని అందులోని నియమం వెతుక్కోవాలి. పదేళ్లకు పైగా అలా విన్న చెవితో 1906 ప్రాంతంలో తెలుగు పాఠ్యపుస్తకాల వైపు తిరిగారు. జనం మాటకు నియమం లేదన్న వాదన ఆయన్ని కదిలించలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. రాత లేని భాషలో అంత వ్యాకరణాన్ని అప్పటికే చేత్తో తాకి చూశారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అటు వెళ్లింది. గిడుగు ఊరు వదిలి రాజమండ్రి చేరారు. సవర కొండలు కూడా రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయాయి. అదే ఏడాది జూన్‌లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని తెచ్చారు, 24 అక్షరాలతో. 2012లో అది యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల ప్రమాణంలోకి కూడా వచ్చింది. ఇవాళ ఒకే భాషను మన వైపు తెలుగు లిపిలో, అటు ఒడియా లిపిలో, క్రైస్తవ సంఘాల్లో రోమన్ లిపిలో, కొందరు సొంపెంగ్‌లో రాస్తున్నారు. పాలకొండ వైపు పిల్ల రాసిన ఉత్తరాన్ని గుణుపూర్‌లో ఉన్న మేనమామ చదవలేకపోవచ్చు, ఫోన్ చేస్తే మాత్రం ఇద్దరూ హాయిగా మాట్లాడుకుంటారు.

ఏ లిపిలోనూ సులువుగా లొంగని ధ్వని ఒకటి ఉంది. చంటిపిల్ల పొయ్యి దగ్గరికి పాకుతుంటే "అ.. అ.." అని ఆపుతాం కదా. ఆ రెండు అ-ల మధ్య గొంతు టక్కున మూసుకుంటుంది. మనకు అది ఒక అదిలింపు. సవరలో అది హల్లు. నీళ్ల మాటలో ఉంది, చేతి మాటలో ఉంది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు, కాబట్టి వదిలేస్తారు. వదిలేస్తే చదివే పిల్లకి తన మాటే పరాయిగా వినపడుతుంది.

చిన్న భాషల పరిస్థితి ఇంతకంటే చిక్కు. "గదబ" అని జనాభా లెక్కల్లో ఒకే పేరు ఉంటుంది. ఆ పేరు కింద రెండు భాషలు ఉన్నాయి. లమ్తాపుట్, అరకు వైపు వినపడే గుతోబ్ ముండా భాష. సాలూరు వైపు గదబలది, ఒడిశాలో ఒల్లారి గదబలది ద్రావిడ భాష, అంటే తెలుగుకు చుట్టం. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఇక పది వేల మందికి తక్కువ మాట్లాడే భాష పేరు జాబితాలో కనపడనే కనపడదు. 2011 లెక్క 121 భాషలని చెప్పింది, పది వేల గీత దాటినవి మాత్రమే అందులో ఉన్నాయి. గోరుమ్ లాంటి భాష అలా మాయమైపోతుంది. అది మాట్లాడే ముసలివాళ్లు మాత్రం ఆ కొండల్లోనే కూర్చుని ఉంటారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000ల మొదట్లో గిరిజన భాషల్లో వాచకాలు తయారు చేసింది, సవర, కోయ, గోండి, కొలామీ, కువి లాంటి వాటిలో. మంచి పని. ఆ దారిలో ఎంత దూరం వెళ్లినా, వాచకం రాయాలంటే ముందు భాషను విని రాసుకోవాలి. అది ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తేనే దాని కష్టం తెలుస్తుంది.

నోటు పుస్తకం పట్టుకుని మీరు ఒక సవర పల్లెకు వెళ్లారనుకుందాం. "'నేను గేదె మాంసం తింటాను' అని మీ భాషలో ఎలా అంటారమ్మా?" అని తెలుగులో అడిగారు. ఆ పెద్దావిడకు తెలుగు వచ్చు. మీకు కష్టం కలగకూడదని, మీ వాక్యాన్ని మాటకు మాట తిప్పి ఇస్తుంది: నేను, గేదె, తింటాను. మీరు రాసుకుంటారు. ఇలా వెయ్యి వాక్యాలు రాసుకుని వచ్చేసినా జొమ్-బొఙ్ మీకు ఒక్కసారి కూడా తగలకపోవచ్చు. మీకు ఎదురైంది సవర మాటలు తొడుక్కున్న తెలుగు వ్యాకరణం. ఉందని తెలియని దాని గురించి ప్రశ్న వేయలేం. పులి నిన్ను పట్టుకుంటుందన్న మాట, చీకటి పడ్డాక అడవి వైపు పోతున్న మనవణ్ణి అమ్మమ్మ కేకేసినప్పుడు వస్తుంది. చనిపోయినవాళ్ల కోసం రాయి నిలిపి గేదెను బలిచ్చే గుఆర్ కర్మలో, ఆ ఏర్పాట్ల మాటల్లో వస్తుంది. పాటల్లో, తగాదాల్లో వస్తుంది. అందుకే పాటలు, కథలు, మామూలు కబుర్లు ముందు రికార్డ్ చేసుకుని, వాక్యాల ప్రశ్నలు తర్వాత అడగాలి.

రికార్డ్ అయ్యాక దాన్ని రాసుకోవాలి. ఒక్క నిమిషం మాటకి గంట పట్టడం మామూలే. ఆవిడ పక్కన కూర్చుని, ముక్క ముక్క వినిపించి, "ఇదేమన్నావమ్మా, నెమ్మదిగా చెప్పు" అని అడుగుతారు. ఆవిడ నెమ్మదిగా చెబుతుంది. నెమ్మదించగానే ఆ పెద్ద క్రియ విడిపోతుంది. టేపులో జొమ్-బొఙ్ అని ఉంటుంది, ఆవిడ ఇప్పుడు శుభ్రంగా బొఙ్తెలన్ అంటూ మొదలుపెడుతుంది, మీకు అర్థం కావాలని. అప్పుడు ఒక గీతలో టేపు అన్నది, దాని కింది గీతలో ఆవిడ చెప్పింది, రెండూ రాసుకోవాలి. పై గీతను కొట్టేయకూడదు.